ప్రాబ్లం రిజాల్వ్ అయిందని చెప్పింది ఎవరు?

సర్వర్లను కనిపెట్టుకుని ఉండే మానిటరింగ్ స్క్రీన్ మీద ఒకే వరుసలో ‘ప్రాబ్లం’, ‘అక్నాలెడ్జ్‌డ్’, ‘సప్రెస్డ్’ అని మూడు మాటలు పక్కపక్కనే కనిపిస్తే, కొత్తగా ఆన్‌కాల్‌లోకి (అలర్ట్ వస్తే ఏ వేళైనా లేచి చూసే డ్యూటీలోకి) వచ్చినవాళ్లు తల పట్టుకుంటారు. ఇంతకీ సమస్య ఉన్నట్టా, లేనట్టా? ఎవరైనా చూస్తున్నట్టా? మరి ఫోన్ ఎందుకు మోగలేదు? నిజానికి ఆ మూడు మాటలూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఇలాంటి స్టేటస్‌లను ఒకే మెట్ల వరుస అనుకుని, ముందు ప్రాబ్లం వస్తుంది, తర్వాత అక్నాలెడ్జ్ అవుతుంది, చివరికి రిజాల్వ్ అవుతుంది అని చదవడంతోనే చిక్కు మొదలవుతుంది. ట్రైనింగ్ స్లైడ్లలో గీసే బొమ్మ కూడా అదే: ఎడమ నుంచి కుడికి మూడు పెట్టెలు, మధ్యలో బాణాలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఎవరూ అక్నాలెడ్జ్ చేయకుండానే రిజాల్వ్ అయిపోయేవి, రిజాల్వ్ అయ్యాక తీరిగ్గా ఎవరో వచ్చి అక్నాలెడ్జ్ చేసేవి రోజూ కనిపిస్తూనే ఉంటాయి.

ఏ స్టేటస్ చూసినా ముందు అడగాల్సింది ఒక్కటే: ఈ మాట ఎవరన్నారు? కొన్ని సాఫ్ట్‌వేర్ లెక్క వేసి అన్నవి. కొన్ని మనిషి బటన్ నొక్కి అన్నవి. కొన్ని ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన రూల్ అన్నవి. సమస్యలను నమోదు చేసుకునే టికెట్ సిస్టమ్ మాటలు ఇంకో రకం. ‘రిజాల్వ్డ్’ అని లెక్క తేల్చిందా, మనిషి తేల్చాడా అన్నదాన్ని బట్టి ఆ మాటను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

లెక్క తేల్చే మాటలు

జాబిక్స్ అనే మానిటరింగ్ టూల్‌లో ట్రిగ్గర్ అంటే ఒక షరతు. ‘గత ఐదు నిమిషాల్లో డిస్క్ వాడకం ఒక్కసారి కూడా 90 శాతానికి దిగలేదు’ అన్నది షరతు అనుకుందాం. కొత్త రీడింగ్ వచ్చినప్పుడల్లా సర్వర్ దాన్ని సరిచూస్తుంది. నిజమైతే ప్రాబ్లం, కాకపోతే ఓకే. ఓకే నుంచి ప్రాబ్లమ్‌కు మారినప్పుడు ఒక ఈవెంట్ పుడుతుంది, తిరిగి ఓకేకి వచ్చినప్పుడు రికవరీ ఈవెంట్ పుడుతుంది. స్క్రీన్ మీద మనం చూసే ‘ఒక ప్రాబ్లం’ అంటే ఈ రెండు ఈవెంట్ల నడుమ కాలమే. పక్కన ఎర్రగా మెరిసే తీవ్రత కూడా సాఫ్ట్‌వేర్ కనిపెట్టింది కాదు. ‘నాట్ క్లాసిఫైడ్’ నుంచి ‘డిజాస్టర్’ దాకా ఉన్న ఆరింటిలో, ట్రిగ్గర్ రాసినవాళ్లకు ఆ రోజు ఏది సబబు అనిపిస్తే అది.

నాగియోస్ అనే మరో టూల్ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. చెక్ చేసే చిన్న ప్రోగ్రామ్ పని ముగిస్తూ ఒక అంకె వదిలి వెళ్తుంది: 0 అయితే ఓకే, 1 వార్నింగ్, 2 క్రిటికల్, 3 అన్‌నోన్. 1999లో నెట్‌సెయింట్ పేరుతో మొదలై తర్వాత నాగియోస్‌గా మారిన ఈ టూల్ వదిలిన ఆ నాలుగు అంకెలను ఐసింగా లాంటివి ఇప్పటికీ వాడుతున్నాయి. అయితే ఒక్క చెక్ ఫెయిలైతే చాలదు. నెట్‌వర్క్‌లో ఒక ప్యాకెట్ పోయినా చెక్ ఫెయిల్ కావచ్చు కదా. అందుకే సాఫ్ట్, హార్డ్ అని రెండు స్థితులు పెట్టారు.

దీన్ని గడియారం ముందు పెట్టుకుని చూస్తేనే అర్థమవుతుంది. ఐదు నిమిషాలకోసారి చెక్, ఫెయిలైతే నిమిషానికోసారి రీట్రై, మొత్తం మూడు ప్రయత్నాలు అని సెట్ చేశారనుకోండి. 9:55కి చెక్ బాగానే ఉంది. తర్వాత అర నిమిషానికి సర్వీస్ పడిపోయింది. 10:00కి చెక్ ఫెయిల్, స్టేటస్ క్రిటికల్, కానీ సాఫ్ట్, మూడింట ఒకటి. 10:01కి మళ్లీ ఫెయిల్, ఇంకా సాఫ్టే. 10:02కి మూడోసారి ఫెయిలయ్యాక హార్డ్ అవుతుంది, మెసేజ్ వెళ్లేది అప్పుడే. అంటే యూజర్లు ఆరున్నర నిమిషాలుగా తిట్టుకుంటున్న సర్వీస్ గురించి మనకు అప్పుడే పడిపోయినట్టు మెసేజ్ వస్తుంది. రిపోర్టులో ‘డౌన్ అయిన సమయం 10:02’ అని రాసేవాళ్లను చూస్తుంటాం. అది సర్వీస్ పడిపోయిన సమయం కాదు, సాఫ్ట్‌వేర్ నమ్మిన సమయం.

ప్రొమీథియస్ అనే ఇంకో టూల్‌లో ఇదే ఆలోచనకు ఇనాక్టివ్, పెండింగ్, ఫైరింగ్ అని పేర్లు. రూల్‌లో ఐదు నిమిషాల నిరీక్షణ పెడితే, షరతు నిజమైనప్పటి నుంచి అలర్ట్ పెండింగ్‌లో కూర్చుంటుంది, ఐదు నిమిషాలూ విడవకుండా నిజంగానే ఉంటే ఫైరింగ్ అవుతుంది. ఇక్కడ చాలామంది గమనించని లొసుగు ఒకటుంది. మధ్యలో ఒక్కసారి లెక్క ‘బాగానే ఉంది’ అని వచ్చినా పెండింగ్ పోయి ఇనాక్టివ్ అవుతుంది, గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలు. ప్రతి నాలుగో నిమిషంలో కాసేపు కోలుకుని మళ్లీ పడిపోయే సర్వీస్ ఉందనుకోండి, అది రోజంతా చస్తూ బతుకుతున్నా ఆ అలర్ట్ ఒక్కసారి కూడా ఫైర్ కాదు. పెండింగ్ లిస్టులో మాత్రం వచ్చిపోతూ ఉంటుంది, ఆ లిస్టు ఎవరూ చూడరు. అమెజాన్ వాళ్ల మానిటరింగ్ టూల్ క్లౌడ్‌వాచ్‌లో ‘గత ఐదు రీడింగుల్లో ఏ మూడు హద్దు దాటినా’ అని చెప్పే వీలుంది. ఇలాంటి కేసుకు అది మేలు. ప్రొమీథియస్‌లోనైతే షరతునే కొంత కాలపు సగటు మీద రాసుకోవాలి.

తగ్గడం వేరు, నయమవడం వేరు

రిజాల్వ్డ్ అంటే షరతు అబద్ధమైంది, అంతే. థర్మామీటర్‌లో జ్వరం దిగినంత మాత్రాన రోగం నయమైనట్టు కాదు. ఇది అందరికీ తెలిసిన సంగతే, కానీ రాత్రి రెండింటికి స్క్రీన్ పచ్చబడితే ఎవరికైనా కళ్లు మూతలు పడతాయి.

మామూలుగా జరిగే ఒక కేసు తీసుకుందాం. సర్వర్‌లో లాగ్ ఫైళ్లున్న డిస్క్ 2:10కి 90 శాతం దాటింది. పైన చెప్పిన షరతు ప్రకారం 2:15కి ప్రాబ్లం తెరుచుకుంది. ఆన్‌కాల్‌లో ఉన్న ఇంజనీర్ లేచి ‘చూస్తున్నా’ అని రాసి అక్నాలెడ్జ్ చేశాడు. లాగిన్ అయి చూస్తే ఒక లాగ్ ఫైల్ కొండలా పెరిగిపోయి ఉంది. తీసేశాడు. మళ్లీ చూస్తే డిస్క్ ఖాళీ కాలేదు, 96 శాతమే ఉంది. లినక్స్‌తో పనిచేసేవాళ్లకు ఇది పరిచయమైన తలనొప్పే: ఫైల్ పేరు పోయింది గానీ, అప్లికేషన్ దాన్ని ఇంకా తెరిచే ఉంచింది కాబట్టి స్థలం వదలదు. తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా తీస్తే అదే ఫైల్ ‘డిలీటెడ్’ అన్న గుర్తుతో కనిపిస్తుంది. అప్లికేషన్ రీస్టార్ట్ చేశాక వాడకం 41 శాతానికి పడింది. 2:48కి ప్రాబ్లం రిజాల్వ్డ్.

ఇప్పుడు రిజాల్వ్ అయింది ఏమిటి? డిస్క్ 90 శాతం కంటే కిందికి వచ్చింది. ఆ లాగ్ అంత ఎందుకు పెరిగింది? ఎవరో డీబగ్ లాగింగ్ ఆన్ చేసి మరిచిపోయారా, పాత లాగులను కత్తిరించే జాబ్ ఆగిపోయిందా? అవన్నీ ఉన్నచోటే ఉన్నాయి. రేపు రాత్రి ఇదే సమయానికి ఇదే తంతు. నెలాఖరు రిపోర్టులో మాత్రం ‘రెండు ప్రాబ్లమ్స్, సగటున 33 నిమిషాల్లో రిజాల్వ్’ అని కనిపిస్తుంది. ఆ అంకె చూసి మెచ్చుకునే మేనేజర్లు కూడా ఉంటారు.

పైగా ఈ రిజాల్వ్డ్ ప్రాబ్లం కంటి ముందు ఎక్కువసేపు ఉండదు. జాబిక్స్‌లో ‘రీసెంట్ ప్రాబ్లమ్స్’ చూస్తున్నవాళ్లకు, మార్చుకోకపోతే, రిజాల్వ్ అయిన ఐదు నిమిషాలకు అది లిస్టులోంచి తప్పుకుంటుంది. పొద్దున షిఫ్టుకు వచ్చినవాళ్లకు రాత్రి గొడవ ఆనవాలే ఉండదు. హిస్టరీ మీద నొక్కి వెతుక్కోవాలి. షిఫ్టు మొదట్లో హిస్టరీ తెరిచే అలవాటు లేని టీమ్‌లో ఒకే సమస్య వారం పాటు ప్రతి రాత్రీ కొత్తదిగా పుడుతుంది.

హద్దు దగ్గరే ఊగిసలాడే కేసులు మరో రకం తంటా. తాజా రీడింగ్ ఒక్కటే చూసే షరతు అయితే, 91, 89, 91, 89 అని రీడింగులు వస్తుంటే ప్రాబ్లం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. దీనికి సరైన మందు తెరిచే గీత, మూసే గీత వేరు చేయడం: 90 దాటితే తెరువు, 80కి దిగితేనే మూయి. జాబిక్స్ 3.2 నుంచి రికవరీ షరతును విడిగా రాసుకునే చోటు ఉంది. ప్రొమీథియస్ 2023లో, షరతు పోయాక కూడా కొంతసేపు అలర్ట్‌ను ఫైరింగ్‌లోనే పట్టి ఉంచే వీలు తెచ్చింది. నాగియోస్ దారి వేరు. అది చివరి 21 చెక్ ఫలితాలు దాచుకుని, వాటి మధ్య సాధ్యమయ్యే 20 మార్పుల్లో ఎన్ని జరిగాయో చూస్తుంది. ఏడు మార్పులుంటే 35 శాతం. తాజా మార్పులకు కాస్త ఎక్కువ బరువు ఇస్తుంది కాబట్టి అసలు అంకె కొద్దిగా అటూ ఇటూ మారుతుంది. దాంతో వచ్చే నమూనా కాన్ఫిగరేషన్‌లో సర్వీసులకు 20 శాతం చేరితే ‘ఫ్లాపింగ్’ అని ముద్ర వేసి మెసేజ్‌లు ఆపేస్తుంది, 5 శాతం కంటే కిందికి దిగాక ముద్ర తీసేస్తుంది.

ఫ్లాపింగ్‌ను చాలామంది రొద అని కొట్టిపారేస్తారు. నాకు అది అన్నిటికంటే నిజాయితీ ఉన్న స్టేటస్ అనిపిస్తుంది. ‘నా మాట మీద నాకే నమ్మకం లేదు’ అని సాఫ్ట్‌వేర్ ఒప్పుకునే చోటు అదొక్కటే.

మనిషి నొక్కే బటన్

అక్నాలెడ్జ్, వాడుకలో ‘యాక్’. దాని అర్థం ‘చూశాను, నా చేతిలో ఉంది’ అని. డిస్క్ మీద ఒక్క బైట్ కూడా దానివల్ల కదలదు. అయినా స్క్రీన్ మీద టిక్ పడేసరికి సగం పని అయిపోయినట్టు అనిపిస్తుంది. షిఫ్ట్ హ్యాండోవర్‌లో జరిగే సంభాషణ ఇలా ఉంటుంది:

“ఆ రెప్లికేషన్ అలర్ట్ ఏమైందండీ?”

“యాక్ అయి ఉంది.”

“అది కాదండీ, ఏమైంది?”

“రాత్రి షిఫ్ట్ వాళ్లు యాక్ చేశారు. చూసే ఉంటారు.”

రాత్రి షిఫ్ట్ వాళ్లు ఇంటికెళ్లి నిద్రపోతున్నారు. రెప్లికేషన్, అంటే డేటాబేస్ నకలును తాజాగా ఉంచే పని, ఇంకా వెనకబడే ఉంది. అలర్ట్ మోగదు, ఎందుకంటే యాక్ అయి ఉంది.

యాక్ చేస్తే మెసేజ్‌లు ఆగుతాయా అన్నది టూల్‌ను బట్టి ఉంటుంది, ఇక్కడ పొరపాటు పడేవాళ్లు ఎక్కువ. నాగియోస్‌లో యాక్ చేస్తే పదేపదే వచ్చే మెసేజ్‌లు ఆగుతాయి. కానీ ఆ యాక్ ‘స్టిక్కీ’ అయితే సర్వీస్ ఓకేకి వచ్చేదాకా అంటుకునే ఉంటుంది. వార్నింగ్‌లో ఉన్నప్పుడు మీరు యాక్ చేశారు, అది తర్వాత క్రిటికల్ అయింది, మీకు చెప్పేవాళ్లుండరు. స్టిక్కీ కాకపోతే, స్థితి మారగానే యాక్ ఎగిరిపోయి మళ్లీ ఫోన్ మోగుతుంది. వార్నింగ్‌లను స్టిక్కీగా యాక్ చేయకపోవడమే మంచిది అని నా అభిప్రాయం. క్రిటికల్‌కు ఎలాగూ పై మెట్టు లేదు. జాబిక్స్‌లోనైతే యాక్ దానంతట అది ఎస్కలేషన్‌ను, అంటే ఒకరి తర్వాత ఒకరికి మెసేజ్ పంపే మెట్ల వరుసను, ఆపదు. ‘ఈవెంట్ అక్నాలెడ్జ్ కాకపోతేనే’ అన్న షరతు ఆ మెట్టుకు పెట్టి ఉంటేనే ఆగుతుంది. ఆ షరతు పెట్టని చోట ఇంజనీర్ సమస్య మీద పనిచేస్తుండగానే మేనేజర్ ఫోన్ కూడా మోగుతుంది, ఇద్దరికీ టెన్షన్. ఆన్‌కాల్ వాళ్లకు ఫోన్ మోగించే పేజర్‌డ్యూటీలో ట్రిగర్డ్, అక్నాలెడ్జ్‌డ్, రిజాల్వ్డ్ అని మూడే స్థితులు. కాకపోతే యాక్‌కు గడువు పెట్టుకోవచ్చు, గడువు దాటితే అది తిరిగి ట్రిగర్డ్ అవుతుంది. గడువు లేని యాక్ ఎవరి చేతిలోనూ లేని పనికి పెట్టిన దొంగ సంతకం లాంటిదే, కాబట్టి ఆ సౌకర్యం ఉన్న చోట వాడుకోవాలి.

జాబిక్స్ మీద నాకున్న చిన్న ఫిర్యాదు: మెసేజ్ రాయడం, తీవ్రత మార్చడం, సప్రెస్ చేయడం, యాక్ చేయడం, ప్రాబ్లమ్‌ను మూసేయడం, ఇన్నీ ఒకే విండోలో పెట్టారు. నిద్రమత్తులో ఒక టిక్ బదులు ఇంకో టిక్ పడటం పెద్ద విషయం కాదు.

చేత్తో మూసేయడం సంగతి వేరు. ట్రిగ్గర్‌లో అనుమతి ఇచ్చి ఉంటేనే జాబిక్స్ దాన్ని ఒప్పుకుంటుంది. మూసిన వెంటనే కాసేపు ‘క్లోజింగ్’ అని కనిపిస్తుంది. సర్వర్ ఆ పని పూర్తి చేశాక రిజాల్వ్డ్ అవుతుంది. లాగ్‌లో ఒక ఎర్రర్ లైన్ పడితే తెరుచుకునే ప్రాబ్లమ్‌లకు ఇది తప్పనిసరి అవసరం. ‘ఇప్పుడు బాగైంది’ అని చెప్పే లైన్ ఎన్నటికీ రాకపోవచ్చు, అప్పుడు మూసేది మనిషే. డిస్క్ లాంటి వాటిని మాత్రం చేత్తో మూస్తే లాభం లేదు. షరతు ఇంకా నిజమే కాబట్టి తర్వాతి రీడింగ్ రాగానే కొత్త ప్రాబ్లం పుడుతుంది. అది కొత్తది, పాతదానికి చేసిన యాక్, రాసిన నోట్ దానికి వర్తించవు.

గొంతు నొక్కే మాటలు

సప్రెస్డ్, డౌన్‌టైమ్, సైలెన్స్, ఇన్‌హిబిషన్. వీటన్నిటి సారం ఒకటే: సమస్య ఉంది, చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు.

జాబిక్స్ మెయింటెనెన్స్‌లో రెండు రకాలు. డేటా తీసుకుంటూనే ఉండేది ఒకటి, డేటా కూడా ఆపేసేది రెండోది. మొదటి దాంట్లో ప్రాబ్లమ్స్ మామూలుగానే పుడతాయి, సప్రెస్డ్ అన్న గుర్తుతో. లిస్టులో మాత్రం ‘షో సప్రెస్డ్’ టిక్ పెడితే తప్ప కనిపించవు. మెయింటెనెన్స్ సమయం అయిపోయేసరికి సమస్య ఇంకా ఉంటే, ఆగిన ఎస్కలేషన్ కదులుతుంది. ప్యాచింగ్ (అప్‌డేట్‌లు వేసే పని) నాలుగింటికి అయిపోవాలి, నాలుగున్నరదాకా సాగింది అంటే, నాలుగింటికి ఒక్కసారిగా అలర్టులు కుమ్మరించేది ఇందుకే. రెండో రకంలో గ్రాఫ్‌లోనే ఖాళీ మిగులుతుంది. రాత్రి ఏం జరిగిందో పొద్దున చూద్దామంటే చూడ్డానికి ఏమీ ఉండదు. చాలావరకు మొదటి రకమే సరిపోతుంది.

ప్రొమీథియస్ వాడేవాళ్లకు ఇక్కడ రెండు స్క్రీన్ల పేచీ ఎదురవుతుంది. ప్రొమీథియస్ పేజీలో అలర్ట్ ఫైరింగ్ అంటుంది, దాని తరఫున మెసేజ్‌లు పంపే అలర్ట్‌మేనేజర్ పేజీలో అదే అలర్ట్ సప్రెస్డ్ అంటుంది. రెండూ నిజమే. మొదటిది షరతు గురించి మాట్లాడుతోంది, రెండోది మెసేజ్ గురించి. సైలెన్స్‌కు మొదలు, ముగింపు, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్న వివరాలుంటాయి. ముగింపు తేదీ ఏడాది తర్వాతకు పెట్టి, కారణం దగ్గర ‘తర్వాత చూద్దాం’ అని రాసిన సైలెన్స్‌లు ఏ సంస్థలో వెతికినా దొరుకుతాయి. ఇంతకంటే ప్రమాదకరమైనవి వల మరీ వెడల్పుగా వేసిన సైలెన్స్‌లు: ఒక్క సర్వర్‌కని మొదలుపెట్టి, లేబుల్ (ఏ అలర్టులకో చెప్పే గుర్తు) సరిగ్గా ఇవ్వక, క్లస్టర్ మొత్తాన్ని మూగబోయేలా చేసేవి.

ఇన్‌హిబిషన్ మనిషి కాకుండా రూల్ నొక్కే గొంతు. స్విచ్ పడిపోతే దాని వెనకున్న సర్వర్లన్నీ అందవు, ఒక్కో దానికీ ఒక్కో ఫోన్ అక్కర్లేదు. నాగియోస్‌లో తల్లి హోస్ట్‌ల వరుస (ఏది దేని వెనక ఉందో) చెప్పి ఉంటే, వెనకున్న వాటిని ‘డౌన్’ అనకుండా ‘అన్‌రీచబుల్’ అంటుంది. జాబిక్స్ 6.4లో ఒక ప్రాబ్లమ్‌ను కారణంగా, మిగతావాటిని లక్షణాలుగా ముడిపెట్టే వీలు వచ్చింది.

మౌనానికి అర్థం

ఇక్కడిదాకా చెప్పినవన్నీ ఏదో ఒక రీడింగ్ వస్తున్నప్పటి మాటలు. రీడింగే రాకపోతే? నా దృష్టిలో ఈ ఒక్క ప్రశ్నకు మీ టూల్ ఏం జవాబిస్తుందో తెలియకపోతే మిగతా స్టేటస్‌లు తెలిసినా ఉపయోగం తక్కువ. ఎందుకంటే ఒక్కో టూల్ ఒక్కో తీరులో ప్రవర్తిస్తుంది, ఆ తేడాలు చిన్నవి కావు.

ప్రొమీథియస్‌లో డిస్క్ నిండిందని అలర్ట్ ఫైరింగ్‌లో ఉందనుకోండి. ఇంతలో ఆ సర్వర్ పూర్తిగా చచ్చిపోయింది. సర్వర్ నుంచి వచ్చే డిస్క్ అంకెలు ఆగిపోయాయి. అంకెలు లేవు కాబట్టి షరతుకు ఫలితం లేదు. ఫలితం లేదు కాబట్టి అలర్ట్ లేదు. అలర్ట్ లేదు కాబట్టి మీ ఫోన్‌కు ‘రిజాల్వ్డ్’ అని మెసేజ్ వస్తుంది. సర్వర్ ప్రాణం పోయిన కాసేపటికే డిస్క్ సమస్య తీరిపోయిందన్న శుభవార్త! దీన్ని పట్టుకోవాలంటే, టార్గెట్ అందుతోందా లేదా చెప్పే ‘అప్’ అన్న అంకె సున్నా అయితే మోగే రూల్ విడిగా ఉండాలి. అదీ అన్ని సందర్భాల్లో చాలదు. సర్వర్‌తో పాటు, చూడాల్సిన సర్వర్లను దానంతట అదే కనిపెట్టే సర్వీస్ డిస్కవరీ లిస్టులోంచి దాని పేరు కూడా పోతే ‘అప్’ అనే అంకే ఉండదు. అప్పుడు ‘ఫలానా అంకె అసలు లేదు’ అన్నదాన్నే షరతుగా రాయాలి, దానికి ‘యాబ్సెంట్’ అనే ఫంక్షన్ ఉంది.

జాబిక్స్ తీరు దీనికి తలకిందులు. డేటా ఆగిపోతే ట్రిగ్గర్ ఆఖరుసారి ఏ మాట అందో ఆ మాట మీదే నిలబడుతుంది. ప్రాబ్లం తెరిచి ఉంటే తెరిచే ఉంటుంది, ఓకే అయితే ఓకే అనే చూపిస్తుంది. వారం క్రితం ఏజెంట్ (రీడింగులు పంపే చిన్న ప్రోగ్రామ్) ఆగిపోయిన సర్వర్ ఈరోజు కూడా పచ్చగా కనిపించడం దీనివల్లే. ట్రిగ్గర్ ‘అన్‌నోన్’లోకి వెళ్లిన సంగతి కాన్ఫిగరేషన్ పేజీల్లోకి వెళ్లి చూస్తే తప్ప బయటపడదు. ‘నోడేటా’ ఫంక్షన్‌తో విడిగా ఒక ట్రిగ్గర్ పెట్టుకోవడం తప్పనిసరి.

క్లౌడ్‌వాచ్ మాత్రం ఈ విషయాన్ని దాచకుండా బయటపెట్టింది. ఓకే, అలారం పక్కన ‘ఇన్‌సఫీషియెంట్ డేటా’ అని మూడో స్థితి ఉంది. డేటా రాకపోతే ఏమనుకోవాలో అలారం పెట్టేటప్పుడే అడుగుతుంది: హద్దు దాటినట్టు అనుకోనా, దాటనట్టు అనుకోనా, పట్టించుకోకుండా ఉన్న స్థితిలోనే ఉండనా, లేక ‘మిస్సింగ్’ గానే చూడనా అని. ఎర్రర్ జరిగినప్పుడే అంకె పంపే అప్లికేషన్‌కు మౌనం మంచిదే, అక్కడ ‘దాటనట్టు’ సరిపోతుంది. నిమిషానికోసారి ‘బతికే ఉన్నా’ అని పంపాల్సిన జాబ్‌కు మౌనమే చెడ్డ వార్త, అక్కడ ‘దాటినట్టు’ పెట్టాలి. చాలామంది ఈ ప్రశ్నను ముట్టుకోకుండా ముందుకు వెళ్లిపోతారు, అప్పుడు ‘మిస్సింగ్’ వర్తిస్తుంది. గ్రఫానా అనే టూల్ కూడా ‘నో డేటా’, ‘ఎర్రర్’ అని రెండింటిని వేరు చేసి, ఒక్కోదాన్ని అలర్టింగ్‌గా చూడాలా నార్మల్‌గా చూడాలా ఎంచుకోమంటుంది.

చివరగా, కాపలా కాసేవాడే పడిపోతే? ప్రొమీథియస్ ప్రతి ఫైరింగ్ అలర్ట్‌కూ ‘ఇంతవరకు చెల్లుతుంది’ అని ముగింపు సమయం వేసి, దాన్ని పొడిగిస్తూ పంపుతుంటుంది. ప్రొమీథియస్ ఆగిపోతే పొడిగించేవాళ్లుండరు. కొన్ని నిమిషాలకు గడువు దాటి, అలర్ట్‌మేనేజర్ అన్నిటినీ రిజాల్వ్డ్ అనుకుంటుంది. దీనికి విరుగుడుగా ఎప్పుడూ ఫైరింగ్‌లోనే ఉండే అలర్ట్ ఒకటి పెట్టి, అది ఆగిపోతే బయటి వ్యవస్థ ఒకటి మోగేలా చేస్తారు. అప్లికేషన్లను చాలా సర్వర్ల మీద నడిపే కుబర్నెటిస్‌తో వాడే కుబే-ప్రొమీథియస్ ప్యాకేజీలో ‘వాచ్‌డాగ్’ అనే అలర్ట్ అదే. కొత్తవాళ్లు దాన్ని చూసి ‘ఇది ఎప్పుడూ ఎర్రగానే ఉంటోంది’ అని సైలెన్స్ చేసేస్తుంటారు. ఆ పని చేయనివ్వకండి.

టికెట్ మాటలు

మానిటరింగ్‌లో ‘ప్రాబ్లం’ అన్నది, ఐటీ సేవల నిర్వహణకు వాడే ఐటిల్ పద్ధతిలో సాధారణంగా ఇన్సిడెంట్, అంటే సేవకు కలిగిన ఒక అంతరాయం. ఐటిల్‌లో ప్రాబ్లం అంటే ఒకటో అంతకంటే ఎక్కువో ఇన్సిడెంట్లకు వెనకున్న కారణం. డిస్క్ కేసులో రెండు రాత్రులూ వచ్చినవి రెండు ఇన్సిడెంట్లు, కత్తిరింపు లేని లాగ్ ఒక ప్రాబ్లం. ఈ తేడా తెలియకుండా జాబిక్స్ ప్రాబ్లమ్‌లను నేరుగా ప్రాబ్లం టికెట్లుగా పంపించేలా కలిపితే, ఆ క్యూ వారంలో చెత్తకుప్ప అవుతుంది.

సర్వీస్‌నౌ అనే టికెట్ టూల్‌లో ఇన్సిడెంట్‌కు న్యూ, ఇన్ ప్రోగ్రెస్, ఆన్ హోల్డ్, రిజాల్వ్డ్, క్లోజ్‌డ్, క్యాన్సెల్డ్ అన్న స్థితులుంటాయి. రిజాల్వ్డ్ అంటే ‘పరిష్కరించామని మేమంటున్నాం’. క్లోజ్‌డ్ అంటే ఇక దాన్ని తెరవరు. ఈ రెంటి మధ్య వ్యవధి ఉన్నదే ‘ఇంకా బాగు కాలేదు’ అని చెప్పుకునే అవకాశం కోసం. ఇక ఆన్ హోల్డ్. వెండర్ జవాబు కోసమో, యూజర్ జవాబు కోసమో ఆగి ఉంటే అందులో పెట్టాలి. ఎంతసేపట్లో బాగుచేస్తామో మాటిచ్చిన ఎస్‌ఎల్‌ఏ గడియారం అక్కడ ఆగేలా చాలాచోట్ల సెట్ చేస్తారు కాబట్టి, గడువు దగ్గరపడిన టికెట్లన్నీ సాయంత్రానికి ఆన్ హోల్డ్‌లోకి వలస వెళ్లడం మామూలే.

మానిటరింగ్‌లో రిజాల్వ్డ్ రాగానే టికెట్ కూడా తనంతట తానే మూసుకోవాలా? పింగ్ ఆగి రెండు నిమిషాల్లో తిరిగొచ్చే అలర్టులకు మూసుకోవచ్చు, లేకపోతే మనుషులు రోజంతా టికెట్లు మూస్తూ కూర్చోవాలి. మనిషి చేయి పెట్టాల్సి వచ్చిన వాటికి అలా చేయకూడదు, ఎందుకంటే అక్కడ మూసేది లెక్క, మూయాల్సింది మనిషి. యాక్ అయిందా లేదా అన్నది ఇక్కడ మంచి గీటురాయి: ఎవరూ ముట్టుకోకుండానే తగ్గినవి మూసుకోనివ్వండి, యాక్ అయినవాటిని రిజాల్వ్డ్ దగ్గరే ఆపండి. అదే ట్రిగ్గర్ కొన్ని గంటల్లో మళ్లీ మోగితే కొత్త టికెట్ తెరవకుండా పాతదాన్నే తిరిగి తెరిచేలా పెట్టుకోండి. లేకపోతే ఒకే జబ్బు పది టికెట్లుగా చీలి, ఒక్కో టికెట్ ఒక్కొక్కరి దగ్గర ఉంటుంది.

టికెట్‌లో సమయాలు రాసుకునేటప్పుడు కూడా ఎవరి మాట ఎవరిదో విడదీయడం మంచిది. యూజర్లకు ఇబ్బంది మొదలైన సమయం, సాఫ్ట్‌వేర్ పసిగట్టిన సమయం, మనిషి చేపట్టిన సమయం, షరతు తొలగిన సమయం, కారణం తొలగిన సమయం. మధ్య మూడూ టూల్ నుంచి వాటంతట అవే వచ్చి పడతాయి. మొదటిది లాగ్‌లలో వెతకాలి. ఐదోది మనిషే నింపాలి, అది మర్నాడో మరుసటి వారమో పడొచ్చు. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం టికెట్ రిజాల్వ్డ్ దాకా వెళ్లొచ్చు గానీ క్లోజ్‌డ్‌కు వెళ్లకుండా రూల్ పెట్టుకోవచ్చు. కారణం దొరకదని తేలితే ‘దొరకలేదు’ అని రాసి, ఎవరు తేల్చారో పేరు పెట్టి మూస్తే సరిపోతుంది.